టవర్ మీది భయం, చేతిలోని ఫోను

(సర్ రొనాల్డ్ రాస్ స్మృతిలో సికింద్రాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

రొనాల్డ్ రాస్‌ను తలుచుకోవడానికి సికింద్రాబాద్ కంటే తగిన చోటు లేదు. 1897 ఆగస్టు 20న, ఇక్కడికి దగ్గర్లోనే బేగంపేటలో, చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో ఆయన ఒక దోమ పొట్టను పరీక్షించాడు. దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే పంకా వేయించుకోకుండా చేసిన పని అది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. కుట్టనిచ్చినందుకు దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టింది. మచ్చల రెక్కల ఆ దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. మనిషి ఒంట్లోని మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందనడానికి అదే తొలి సాక్ష్యం. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇదంతా మీకు తెలిసిందే. నేను ఎత్తుకోదలచింది ఆ రోజుకు ముందు జనం ఏమని నమ్మేవారన్న సంగతి.

మలేరియా అన్న ఇటాలియన్ మాటకు చెడుగాలి అని అర్థం. బురద నేలల మీద, మురిగిన నీళ్ళ మీద పుట్టే గాలి ఒంటికి తగిలితే చలిజ్వరం వస్తుందని శతాబ్దాల తరబడి నమ్మారు. కారణం తెలియని జబ్బును 'గాలి సోకింది' అని మనమూ అన్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ జనాన్ని అజ్ఞానులనడం తేలిక, కాని న్యాయం కాదు. చిత్తడి నేలకూ జ్వరానికీ సంబంధం ఉందని వాళ్ళు గమనించింది అక్షరాలా నిజం. పొద్దుగూకగానే కిటికీ మూస్తే చెడుగాలితోపాటు దోమ కూడా బయటే ఉండిపోతుంది కనుక, ఆ జాగ్రత్త వల్ల కొంత మేలూ జరిగి ఉంటుంది. వాళ్ళు తప్పింది ఒక్కచోటే. జబ్బు వచ్చే దారి గాలి అనుకున్నారు, ఆ గాలిలో ఎగిరేదాన్ని చూడలేదు. రాస్ ఆ భయాన్ని చెరిపేయలేదు, దాని చోటు మార్చాడు. ఆ తర్వాత జనం చూపు కిటికీ మీంచి నీళ్ళ తొట్టి మీదికీ కుంట మీదికీ దోమతెర మీదికీ మళ్ళింది. మొబైల్ ఫోను విషయంలో మనకిప్పుడు కావలసింది సరిగ్గా ఈ పనేనని నా వాదన. మన భయం ఉండకూడనిదేమీ కాదు. ఉండవలసిన చోట మాత్రం లేదు.

జంటనగరాల్లో ఏ కాలనీలోనైనా ఒక డాబా మీద సెల్ టవర్ లేస్తోందంటే వెంటనే వినబడే మాటలు మనకు కంఠతా వచ్చు. క్యాన్సర్ వస్తుందంటారు, కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదంటారు, పిచ్చుకలు మాయమైంది వీటివల్లేనంటారు. ఈ చివరి మాటకు 2018లో వచ్చిన రజనీకాంత్ సినిమా '2.0' పెద్ద తెర మీద రూపమిచ్చింది. 2021 మే నెలలో, కోవిడ్ రెండో ఉధృతిలో ఊపిరాడక మనుషులు పోతుంటే, అది జబ్బు కాదు, 5జీ పరీక్షల ప్రభావమన్న ప్రచారం దేశమంతా పాకింది. అసలు అప్పటికి దేశంలో ఎక్కడా 5జీ పరీక్షలు మొదలే కాలేదని టెలికాం శాఖ మే 10న ప్రకటించాల్సి వచ్చింది. ఆ సేవలు ఆరంభమైంది 2022 అక్టోబరు 1న. ఒకవైపు ఇంత భయం, మరోవైపు పాలు మానని పసివాడి చేతికి ఫోనిచ్చి బువ్వ తినిపించడం, బండి నడుపుతూ హెల్మెట్ సందులో ఫోను దూర్చి మాట్లాడడం. ఈ రెండూ ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో, ఏ ఇబ్బందీ లేకుండా కలిసి బతుకుతున్నాయి. నాకు ఆందోళన కలిగించేది ఈ సహజీవనం.

ముందుగా టవర్ సంగతి చూద్దాం. యాంటెన్నా తరంగాలను దాదాపు అడ్డంగా, కొంచెం కిందికి వంచి దూరానికి పంపుతుంది. దాని కిందనే ఉన్న ఇంటికి అందేది తక్కువ. దీపం కింద చీకటి అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. అందువల్ల వీధి అవతల టవర్ నుంచి మన తలకు అందేదానికంటే, చెవికి ఆనించుకున్న ఫోను నుంచి అందేది చాలా రెట్లు ఎక్కువ. బ్రిటన్‌లో 2000 సంవత్సరంలో వచ్చిన స్టీవార్ట్ నివేదిక ఈ సంగతి అప్పుడే స్పష్టంగా చెప్పింది. ఇంకో విషయం జనానికి దాదాపు తెలియదు. ఫోను తన శక్తిని తానే సర్దుకుంటుంది. టవర్ దగ్గరగా ఉంటే గుసగుసలాడినట్టు మాట్లాడుతుంది, దూరంగా ఉంటే గొంతు చించుకుంటుంది. లిఫ్టులోనో సెల్లారులోనో సిగ్నల్ ఒక గీతకు పడిపోయినప్పుడు అది గరిష్ఠ శక్తితో పనిచేస్తుంది. అంటే కాలనీవాళ్ళంతా కలిసి పోరాడి టవర్‌ను రెండు వీధుల అవతలికి పంపిస్తే, ఆ కాలనీలో ఫోను చెవిన పెట్టుకునే ప్రతి మనిషి తలకూ తరంగాలు మునుపటికంటే ఎక్కువ అందే అవకాశం ఉంది. క్షేమం కోసం చేసిన పని అనుకున్నదానికి ఎదురు తిరుగుతుంది. చెడుగాలికి భయపడి కిటికీ బిగించి, గదిలోనే మూత లేని నీళ్ళ కుండ ఉంచుకోవడం లాంటిదిది.

ఈ తరంగాలు ఏం చేయగలవన్నది మరో ప్రశ్న. ఎక్స్‌రే, అణుధార్మిక కిరణాలు పరమాణువు నుంచి ఎలక్ట్రానును ఊడగొట్టి జన్యుపదార్థాన్ని చెడగొట్టగలవు. ఫోను తరంగాల ఒక్కో శక్తికణానికి ఉన్న బలం ఆ పనికి కావలసినదాంట్లో పదిలక్షల వంతు కూడా లేదు. వాటికి రుజువైన ప్రభావం ఒకటే, కణజాలాన్ని వేడెక్కించడం. అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ ఆ వేడి ప్రభావం కనబడే మోతాదును 50తో భాగించి, సాధారణ జనానికి హద్దు గీసింది. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్లకు ఆ హద్దును కూడా పదో వంతుకు కుదించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్ల బదులు 0.45 వాట్లు. ఫోన్లకు కిలో కణజాలానికి 1.6 వాట్లు మించకూడదన్నారు. ఆ కుదింపు శాస్త్ర ఫలితం కన్నా ఎక్కువగా జనం ఆందోళనకు ఇచ్చిన జవాబు. దాన్ని నేను తప్పుపట్టను. కాని అంత కుదించాక కూడా భయం తగ్గలేదంటే, జబ్బు ఆ అంకెలో లేదన్నమాట.

ఇక్కడ ఎవరైనా లేచి అడగవలసిన మొదటి ప్రశ్న, ప్రపంచ ఆరోగ్య సంస్థే వీటిని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది కదా అని. పెట్టింది నిజం. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే 31న రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. 'కారకం అయితే కావచ్చు' అని ఆ వర్గానికి అర్థం. ఆ వర్గాలు ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు, సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి. అదే 2బి వర్గంలో తూర్పాసియా పద్ధతిలో ఊరవేసిన కూరగాయలున్నాయి. కాఫీ కూడా 2016 దాకా అందులోనే ఉండి బయటపడింది. 1వ వర్గంలో, అంటే సందేహం లేకుండా తేలినవాటిలో, పొగాకు ఉంది, మద్యం ఉంది, మనం భోజనమయ్యాక తీరిగ్గా నమిలే వక్క ఉంది. తాంబూలం పళ్ళెం పక్కన కూర్చుని టవర్ గురించి భయపడేవారిని చిన్నబుచ్చవలసిన పని లేదు. వక్క సంగతి వాళ్ళకు చెప్పినవారు లేరు, అంతే. ఆ చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. దాన్ని రాస్ జీవితమే మన ముందు పెడుతుంది. 1895 నుంచి రెండేళ్ళపాటు ఆయన బూడిదరంగు దోమల్నీ చారల దోమల్నీ ఎన్నింటినో కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. అవి క్యూలెక్స్, ఈడిస్ జాతులు. మలేరియాను మోసేది అనాఫిలిస్. (ఆ చారల ఈడిస్ దోమే ఇవాళ ఈ ఊరికి ఏటేటా డెంగీని పంచిపెడుతోంది, అది వేరే ఉపన్యాసం.) ఆ రెండేళ్ళ ఫలితాలను పట్టుకుని 'దోమకూ మలేరియాకూ సంబంధం లేదు' అని తీర్పు చెప్పి ఉంటే ఎంత నష్టం జరిగేది! ఫోన్ల విషయంలోనూ మన శాస్త్రవేత్తలు తప్పు దోమనే కోస్తున్నారేమో, క్యాన్సర్ ఇరవై ముప్పై ఏళ్ళకు గాని బయటపడదు కదా అని అడిగితే, ఆ ప్రశ్నను నవ్వి తోసేసే హక్కు ఎవరికీ లేదు. కాని 'కనబడలేదు' అన్న మాటలన్నీ ఒక్క తూకం కావు. ఎక్కడ వెతికారు, ఎంతమందిలో, ఎన్నేళ్ళు, ఉంటే కనబడే చోటేనా అని అడిగి తూచాలి.

అలా తూచి చూద్దాం. 13 దేశాలు కలిసి చేసిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం 2010లో వచ్చింది. మొత్తం మీద మెదడు గడ్డల ముప్పు పెరగలేదు. కాని జీవితకాలంలో 1,640 గంటలకు మించి మాట్లాడామని చెప్పినవారిలో, అంటే పదిమందిలో ఒకరి వర్గంలో, గ్లయోమా అనే మెదడు గడ్డ ముప్పు 1.4 రెట్లుగా కనిపించింది. 2బి నిర్ణయానికి ఆధారాల్లో ఇదొకటి. అయితే ఆ గంటలు జ్ఞాపకం మీద చెప్పినవి. కొందరు రోగులు నమ్మశక్యం కానన్ని గంటలు చెప్పారు. పైగా అవే లెక్కలను ఉన్నవున్నట్టు నమ్మితే, మామూలుగా ఫోను వాడేవారికి గడ్డలు కొంచెం తక్కువే వస్తాయని కూడా నమ్మాలి. జ్ఞాపకం మీద ఆధారపడకుండా చందాదారుల రికార్డులతో చేసిన డెన్మార్క్ అధ్యయనంలో 3,58,403 మందిని గమనించారు. ముప్పు కనబడలేదు. బ్రిటన్‌లో సుమారు 7,76,000 మంది మహిళల మీద చేసిన అధ్యయనం 2022లో అదే చెప్పింది. పిల్లల సంగతేమిటన్న ప్రశ్నకు మోబీ-కిడ్స్ అనే అధ్యయనం 14 దేశాల్లో, మన దేశంతో సహా, 10 నుంచి 24 ఏళ్ళవారిని పరిశీలించి 2021లో ఫలితం ప్రకటించింది. అక్కడా కనబడలేదు. ఇక డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ దేశాల క్యాన్సర్ రిజిస్టర్లు ఉన్నాయి. ఫోను ఈ భూమ్మీద అందరికంటే ముందు ఇంటింటికీ చేరిన దేశాల్లో అవి కొన్ని. 2008 వరకు చూస్తే గ్లయోమా రేటు ఫోనుతోపాటు ఎగబాకలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలను జల్లెడపట్టి ఫోనుకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదంది. రాస్ రెండేళ్ళు ఒంటరిగా తప్పు జాతిని వెతికాడు. ఇక్కడ మూడు దశాబ్దాలుగా, వేర్వేరు దారుల్లో, ఉంటే కనబడవలసిన చోటే లక్షలమందిలో వెతికారు.

ఎలుకల ప్రయోగం గుర్తుచేసేవారున్నారు. అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2018లో ప్రకటించిన ఫలితాల్లో మగ ఎలుకల గుండెలో గడ్డలు కనిపించిన మాట వాస్తవం. ఆ ఎలుకల ఒళ్ళంతా రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్ళపాటు, కిలోకు 6 వాట్ల దాకా తరంగాలకు గురిచేశారు. మన ఫోను హద్దు చెవి దగ్గరి కొద్దిపాటి కణజాలానికి 1.6 వాట్లు. ఆడ ఎలుకల్లో అలాంటి స్పష్టమైన ఫలితం లేదు. తరంగాలకు గురైన మగ ఎలుకలు గురికానివాటికంటే ఎక్కువకాలం బతికాయి. దీన్నిబట్టి ఫోను ఆయుష్షు పెంచుతుందని ఎవరమూ అనం కదా. అలాగే దీన్నిబట్టి ఫోను చంపుతుందనీ అనలేం.

ఈ పరిశోధనలకు డబ్బిచ్చింది కంపెనీలేనన్న అనుమానం మరొకటి. ఆ అనుమానాన్ని నేను గౌరవిస్తాను. పొగాకు కంపెనీలు దశాబ్దాలపాటు ఆడిన ఆట మరిచిపోకూడనిది. అయితే పొగాకు చరిత్ర నేర్పే పాఠం రెండోవైపు కూడా ఉంది. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు ఆస్పత్రి రోగులను ప్రశ్నించి లెక్కవేస్తేనే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సిగరెట్‌కూ లంకె బయటపడింది. ఆ తర్వాత బాగా పొగతాగేవారిలో ముప్పు పదీ ఇరవై రెట్లుగా తేలింది. పరిశ్రమ ఎంత ధనం గుమ్మరించినా అంత పెద్ద హాని దాగలేదు. క్యాన్సర్ రిజిస్టరుకు కంపెనీ జీతం ఇవ్వదు. ఫోను హాని పొగాకంతటిదైతే ఇప్పటికి రిజిస్టర్లలో కేక పెట్టేది. అంతకంటే చాలా చిన్న హాని ఏదైనా ఉండవచ్చునన్న తలుపు నేను మూయను. అందుకే దీర్ఘకాలిక అధ్యయనాలు సాగాలి. ఎక్కువసేపు మాట్లాడేవారు స్పీకరో ఇయర్‌ఫోనో వాడితే ఖర్చేమీ లేదు, తలకు అందేది బాగా తగ్గుతుంది. సిగ్నల్ లేని చోట గంటలు గంటలు మాట్లాడకపోతే ఇంకా మంచిది. ఇంతవరకే ఆ దిక్కు జాగ్రత్త. అంతకు మించి అటు పెట్టే ప్రతి రూపాయీ ప్రతి నిమిషమూ రుజువైన ప్రమాదాల వైపు నుంచి తీసిందే.

టవర్ వచ్చిన దగ్గర్నుంచి తలనొప్పి, నిద్ర పట్టదు, గుండెదడ అని చెప్పేవారి మాటేమిటి? వారి బాధ నిజం. దాన్ని నటన అనేవారితో నాకు పొత్తు లేదు. కాని ఆ బాధకు తరంగమే కారణమా అన్నదాన్ని పరీక్షించవచ్చు, పరీక్షించారు కూడా. తరంగాలు తమకు పడవని చెప్పిన 725 మంది పాల్గొన్న 31 ప్రయోగాలను 2005లో ఒక సమీక్ష గుదిగుచ్చింది. తరంగం ఉందో లేదో వారికి చెప్పకుండా పరీక్షించినప్పుడు దాన్ని పసిగట్టగలిగినట్టు గట్టి ఆధారం దొరకలేదు. ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 2007లో జరిగిన ప్రయోగంలో, తరంగం వస్తోందని చెప్పినప్పుడు వారికి బాధ పెరిగింది. చెప్పనప్పుడు, ఉన్నా లేకపోయినా తేడా లేదు. అంటే బాధ పుట్టించింది భయం. భయం పుట్టించే తలనొప్పి కూడా తలనొప్పే, దానికీ వైద్యం కావాలి. ఆ వైద్యం టవర్‌ను పీకడం కాదు. వీడెమాన్, ష్యూట్జ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో విచిత్రం తేలింది. ప్రభుత్వం ముందుజాగ్రత్తలు తీసుకుంటోందని చెబితే జనానికి ధైర్యం రాలేదు, ఆందోళనే పెరిగింది. జాగ్రత్త అన్నారంటే ఏదో ఉండే ఉంటుందని అనుకోవడం మనిషి సహజం. అలా పెరిగిన భయాన్ని అమ్ముకునేవారూ వచ్చారు. 5జీ నుంచి కాపాడతాయని అమ్మిన గొలుసులు, పతకాలు వంటి పది రకాల వస్తువుల్లో నిజమైన అణుధార్మికత ఉందని, ధరించవద్దని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ హెచ్చరించింది. హాని రుజువు కాని తరంగానికి జడిసి, హాని రుజువైన కిరణాన్ని మెడలో వేసుకున్నారు.

ఇన్ని ఆధారాల తర్వాత కూడా భయం టవర్‌నే ఎందుకు పట్టుకుని ఉంది? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో దొరకదు. చౌన్సీ స్టార్ అనే అమెరికన్ ఇంజనీరు 1969లోనే ఒక మాట లెక్కగట్టి చెప్పాడు. తాము కోరి నెత్తికెత్తుకునే ప్రమాదాన్ని, తమ మీద ఎవరో రుద్దిన ప్రమాదం కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా మనుషులు సహిస్తారని. ఫోను మనం కొనుక్కున్నది. టవర్ మనల్ని అడగకుండా వచ్చింది. పక్కింటి యజమానికి అద్దె వస్తుంది, కంపెనీకి లాభం వస్తుంది, ఎదురింటివారికి కిటికీ తెరిస్తే ఆ ఇనుప చట్రం వస్తుంది. డాబా పాతది, ఆ బరువు మోస్తుందా అని అడిగే దిక్కు లేదు. ఇది న్యాయానికి సంబంధించిన ఫిర్యాదు. కాని 'నన్ను అడగలేదు' అంటే మన వ్యవస్థలో వినేవాడు లేడు, 'నాకు క్యాన్సర్ వస్తుంది' అంటే వింటారు. అందుకని న్యాయమైన ఫిర్యాదు రోగం వేషం కట్టుకుని గడప ఎక్కుతుంది. 2012లో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆస్పత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017లో గ్వాలియర్‌లో ఇళ్ళలో పనిచేసుకునే ఒక వ్యక్తి, పక్క డాబా మీది టవర్ వల్లే తనకు క్యాన్సర్ సోకిందని సుప్రీంకోర్టుకు వెళితే, ఆ టవర్‌ను ఆపేయమని ఆదేశం వచ్చింది. ఈ ఆదేశాలను శాస్త్ర నిర్ణయాలుగా చదవడం పొరపాటు. బలహీనుడి మొర ఒకటి ఎట్టకేలకు ఎక్కడో వినబడిందని చదవాలి. శాస్త్రం తెలిసినవాళ్ళు 'భయం అక్కర్లేదు' అని ఒక్క మాటతో జనాన్ని పంపేసినప్పుడల్లా, ఆ మొరను కూడా పంపేస్తున్నారు. జనం నమ్మకం పోయేది అక్కడే.

కాలనీ టవర్ దగ్గరే ఇంకొకటుంది, దాని మీద ఎవరి చూపూ పడదు. కరెంటు పోయినప్పుడు యాంటెన్నాలను నడపడానికి కింద డీజిల్ జనరేటర్ పెడతారు. డీజిల్ పొగను అదే క్యాన్సర్ విభాగం 2012 జూన్‌లో 1వ వర్గంలోకి మార్చింది. అంటే పొగాకు సరసన. పైన యాంటెన్నా 'అయితే కావచ్చు' వర్గం, కింద జనరేటర్ 'తప్పకుండా' వర్గం. కాలనీ అంతా మెడలెత్తి పైకి చూస్తోంది, పొగ కింది నుంచి పడకగదిలోకి వస్తోంది. బేగంపేటలో దొరికిన పాఠానికి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తెలియదు. చిత్తడి నేలను అనుమానించినవారిలాగే వీళ్ళూ సరైన స్థలాన్నే అనుమానించారు. ఆ స్థలంలో ఉన్నవాటిలో దేన్నన్నదే తప్పింది.

ఇక చేతిలోని ఫోను. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడుపుతూ ఫోను వాడడం వల్ల పోయినవారని నమోదైనది 3,395 మంది. ప్రమాదం జరిగాక ఫోను జేబులోకి వెళ్ళిపోతుంది, పంచనామాలోకి ఎక్కదు, కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే పెద్దదని నా నమ్మకం. ఈ ప్రాణాల గురించి ఏ కాలనీ సంఘమూ ధర్నా చేయలేదు. ఫోనులో మాట్లాడుతూ నడిపితే ప్రమాదావకాశం నాలుగు రెట్లవుతుందని 1997లోనే కెనడా పరిశోధకులు రెడెల్‌మైయర్, టిబ్షిరానీ 699 మంది డ్రైవర్ల బిల్లులు చూసి తేల్చారు. అందులో మనం వినడానికి ఇష్టపడని ముక్క ఇంకోటుంది. ఫోను చేత్తో పట్టుకోకుండా మాట్లాడినవారు ఏమీ క్షేమంగా లేరు. చెయ్యి ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా లేదు. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేత్తో పట్టుకున్న ఫోనునే పట్టించుకుంటుంది, చెవిలో బ్లూటూత్ పెట్టుకుని ప్యారడైజ్ కూడలి దాటేవాణ్ణి ఏమీ అనదు.

సికింద్రాబాద్ రైలు ఊరు. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం ఇదే, 2003 నుంచి ఎంఎంటీఎస్ రైళ్ళు ఊరి నడుమ నుంచి తిరుగుతున్నాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పట్టాలు దాటుతూ, వెనక రైలు కూత వినక చనిపోయిన కుర్రవాళ్ళ వార్తలు మన పత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. పట్టాల మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆర్నెల్లదాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. చట్టం ఉంది, కాలివంతెన ఉన్న చోటా పట్టాల మీంచే అడ్డదారి ఉంది, మధ్యలో తల దించి తెర చూసుకుంటూ నడిచే మనిషి ఉన్నాడు. తరంగం తలలో ఏదో చేస్తుందేమోనని వెతుకుతున్నాం గాని, తలను రైలుకు ఎదురుగా తిప్పనివ్వకుండా చేస్తున్నది మన కళ్ళ ముందే ఉంది.

నిద్ర సంగతి ఇంతకంటే నెమ్మదిగా నడిచే హాని, అందుకే ఎక్కువమందిని పట్టింది. 1,25,198 మంది పిల్లల మీద జరిగిన 20 అధ్యయనాలను 2016లో కలిపి చూస్తే, పడుకునే ముందు ఫోనో ట్యాబో వాడే పిల్లలకు నిద్ర చాలకపోయే అవకాశం రెట్టింపుకు పైగా తేలింది. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదే సంస్థ 2బి మాటను ప్రతి గడపా విన్నది, ఈ మాట ఎన్ని గడపలు విన్నాయి? ఫోను ఇస్తే తప్ప అన్నం తినడంటున్న తల్లిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే రెండు గదుల ఇంట్లో, ఆడుకోవడానికి వీధి లేని ఊళ్ళో, నాయనమ్మ పల్లెలో ఉండిపోయిన కుటుంబంలో, ఆ ఫోను చేస్తున్న పని ఒకప్పుడు నలుగురు మనుషులు చేసేవారు. ఆ నలుగురిని ఎలా తెస్తామన్నది తరంగాల మీద వాదన కంటే కష్టమైన ప్రశ్న. బహుశా మనం తరంగాల మీద అంత ఇష్టంగా వాదించుకునేది ఈ ప్రశ్న ఎదురుపడకుండా ఉండడానికేనేమో.

చివరగా వచ్చే ఆక్షేపణ, ఇలా మాట్లాడితే కంపెనీలకు వత్తాసు పలికినట్టే కదా అని. కాదు. టవర్ తరంగం గురించి భయపడినంతకాలం కంపెనీ జవాబు చెప్పడం సులువు. అంకె హద్దులోనే ఉందని ఒక కాగితం చూపిస్తే పనైపోతుంది. జనరేటర్ పొగ, డాబా బలం, ఇరుగుపొరుగు అనుమతి, తెల్లవారుజాము మూడింటిదాకా పిల్లవాణ్ణి పట్టి ఉంచేలా తీర్చిన యాప్‌లు, వీటి గురించి అడిగితేనే వారికి చెమట పడుతుంది. తప్పు చోట ఉన్న భయం బలవంతుడికి చుట్టం.

కనుక నేను కోరేవి ఈ ఊరు సాధించుకోగలిగినవే. 2017లో టెలికాం శాఖ తెరిచిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఏ టవర్ ఎక్కడుందో, హద్దుకు లోబడి ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. తమ ఇంటి దగ్గర కొలిపించుకోవాలంటే మాత్రం 4,000 రూపాయలు కట్టాలని పెట్టారు. రోజుకూలీ మీద బతికేవాడికి తన భయం ఎంతో కొలుచుకునే హక్కు ఆ ధరకు దొరకదు. ఆ కొలత ఉచితం కావాలి, అడిగినవారి ఎదుటే, వారి గదిలోనే కొలవాలి. దోమను చూపించినట్టు అంకెను చూపించాలి. టవర్ ఉన్న ప్రతి ఇంటి మెట్ల దగ్గర తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు ఉండాలి. కొలిచిన అంకె, చట్టం గీసిన హద్దు, డాబా బలాన్ని పరీక్షించిన ఇంజనీరు సంతకం, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు. వాటి కింద, అదే సైజు అక్షరాల్లో, జనరేటర్ గడిచిన నెలలో ఎన్ని గంటలు నడిచిందో కూడా రాయాలి.